బస్తా ఎత్తుతుంటే డిస్క్ జారింది, మిల్లు పరిహారం కట్టాల్నా?

రవి_మిర్యాలగూడ:
మా తమ్ముడు ఇక్కడ రైస్ మిల్లులో హమాలీ, 35 ఏళ్లు. 2025 ఆగస్టులో లారీకి 50 కిలోల బస్తాలు ఎక్కిస్తుంటే కాలికింద పలక జారి నడుము పట్టేసింది. ఎమ్మారైలో డిస్క్ జారిందని తేలింది. బస్తా లెక్కన నెలకు 18 వేల దాకా వస్తుండె, ఇచ్చేది ముఠా మేస్త్రీ. మిల్లోళ్లు "మా మనిషి కాదు" అంటున్నరు. పదివేలిచ్చి స్టాంపు పేపరు మీద సంతకం పెట్టమంటున్నరు. ఏం చెయ్యాలె?

వకీలు_నల్లగొండ:
సంతకం పెట్టనియ్యకండి. పరిహారం హక్కు వదులుకునే ఒప్పందం 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు. అయినా ఆ కాగితం చూపించి కేసును సాగదీస్తారు. (నవంబర్ 21, 2025 నుంచి కొత్త సామాజిక భద్రత కోడ్ వచ్చింది. మీ ప్రమాదం అంతకు ముందుది కాబట్టి పాత చట్టమే వర్తిస్తుంది.)

"మా మనిషి కాదు" అన్నది నిలవదు. మిల్లు తన మామూలు పనిని తన ఆవరణలో మేస్త్రీ చేత చేయిస్తే, 12వ సెక్షన్ కింద మిల్లునే అడగొచ్చు. మేస్త్రీ దగ్గర వాళ్లు తర్వాత రాబట్టుకుంటారు. నిర్లక్ష్యం రుజువు చేయాల్సిన పనీ లేదు, పనిలో, పని వల్ల దెబ్బ తగిలిందని చూపితే చాలు. పలక సంగతి మాత్రం రాసి ఉంచండి: తప్పు మీ తమ్ముడిదే అనే వాదనకు అదే జవాబు. ఆ రోజు కాంటా చిట్టీలు, లారీ నంబరు, మేస్త్రీ ఫోన్‌పే చెల్లింపులు, తోటి హమాలీల పేర్లు ఇప్పుడే సేకరించండి. సీసీ కెమెరా రికార్డు ఎక్కువ రోజులు ఉండదు.

సంఘం_హమాలీ:
దానికంటే ముందు ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) సంగతి తేల్చుకో అన్నా. ఈఎస్ఐ కింద ఉన్నోళ్లకు ఈ చట్టం కింద కేసు నడవదు. అక్కడ పని చేయలేని కాలానికి జీతంలో సుమారు 90 శాతం వస్తది.

రవి_మిర్యాలగూడ:
ఈఎస్ఐ లేదన్నా, కనుక్కున్న.

ఆర్థో_మహబూబ్‌నగర్:
డిస్క్ కేసులు ఓడిపోయేది కాగితాల దగ్గరే. ఎమ్మారైలో వయసుతో వచ్చే అరుగుదల కూడా కనబడుతుంది, "పాత నొప్పి" అని అవతలివాళ్లు అంటారు. అందుకే మొదటి ఆసుపత్రి కేస్ షీట్‌లో "మిల్లులో బస్తా ఎత్తుతుండగా, ఫలానా తేదీ" అని ఉందో లేదో చూడండి. పాత అరుగుదల ఉన్నా, ఆ దెబ్బతోనే ముదిరిందని డాక్టరు రాసిస్తే దావాకు బలం. సర్టిఫికెట్‌లో శరీర వైకల్య శాతం ఒక్కటే సరిపోదు, సంపాదన శక్తి ఎంత పోయిందో విడిగా రాయించండి. మూత్రం ఆగినా, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా, కాలు పట్టు తప్పినా కేసు సంగతి పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వకీలు_నల్లగొండ:
సంపాదన శక్తి ఎంత పోయిందన్న ఆ శాతమే అసలు లెక్క. మీ తమ్ముడికి ఎంత వచ్చినా, చట్టంలో లెక్కకు తీసుకునే నెల జీతానికి పరిమితి 15,000. అందులో 60 శాతం 9,000, వయసును బట్టి చట్టం ఇచ్చే గుణకం 35 ఏళ్లకు 197.06, రెండూ గుణిస్తే పూర్తి నష్టానికి 17,73,540. సంపాదన శక్తి 40 శాతం పోయిందని తేలితే 7,09,416. బరువు మోయడమే బతుకుతెరువైన మనిషికి 20 శాతం వైకల్యం కూడా పూర్తి నష్టం కావచ్చు. ఎడమ చేయి పోయిన వడ్రంగిది పూర్తి నష్టమేనని సుప్రీంకోర్టు 1976లోనే అంది. చికిత్స బిల్లులు దీనికి అదనం.

మిల్లుకూ మేస్త్రీకీ ఇద్దరికీ అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ప్రమాదం జరిగిన నాటి నుంచి నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుంటే 50 శాతం దాకా జరిమానా కోరవచ్చు. మిల్లుకు బీమా పాలసీ ఉంటే ఆ కంపెనీని కూడా దావాలో చేర్చండి. దావా వేయాల్సింది నల్లగొండ కార్మిక శాఖలోని పరిహార కమిషనర్ దగ్గర, ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు. అంటే మీకు 2027 ఆగస్టు దాకానే గడువు.