టెర్మినల్‌లో పనిచేస్తున్న పాండాస్ జూపిటర్ నోట్‌బుక్‌లో ఎందుకు దొరకడం లేదు?

ప్రశ్న (నల్లగొండ, ఎమ్మెస్సీ విద్యార్థిని)

అందరికీ నమస్కారం. మర్రిగూడ, మునుగోడు వైపు బోరుబావుల నీటి పరీక్షల వివరాలను ఒక పట్టికగా చేర్చి, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ హద్దును దాటిన బోర్లను జూపిటర్ నోట్‌బుక్‌లో (పైథాన్ కోడ్‌ను సెల్ అనే ముక్కలుగా రాసి నడిపే చోటు) వేరు చేసి చూపడం నా ప్రాజెక్టు. నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 ఉంది, జూపిటర్‌ను మొదట్లోనే ఉబుంటు సొంత ప్యాకేజీ సాధనమైన ఆప్ట్ ద్వారా వేసుకున్నాను. పట్టికలతో పనిచేసే పైథాన్ లైబ్రరీ పాండాస్‌ను, పైథాన్ ప్యాకేజీలను వేసే పిప్‌తో నేరుగా వేయబోతే, ఈ పైథాన్ సిస్టమ్ నిర్వహణలో ఉందంటూ ఎర్రర్ వచ్చింది. అందుకని వెన్వ్‌తో ప్రత్యేక ఎన్విరాన్‌మెంట్ (ఈ ప్రాజెక్టు పైథాన్, ప్యాకేజీలు వేరుగా ఉండే ఫోల్డర్) తయారు చేసి, యాక్టివేట్ చేసి, అందులో పాండాస్ వేశాను. టెర్మినల్‌లో ఇంపోర్ట్ చక్కగా అవుతోంది. అదే టెర్మినల్ నుంచి నోట్‌బుక్ తెరిచి అదే వరుస రాస్తే మాత్రం అలాంటి మాడ్యూల్ లేదంటోంది. ఎన్విరాన్‌మెంట్‌ను మూడుసార్లు చెరిపి మళ్లీ చేశాను, ఫలితం మారలేదు. పొరపాటు ఎక్కడ జరుగుతోందో దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (మహబూబ్‌నగర్)

మీ ఎన్విరాన్‌మెంట్‌లో తప్పేమీ లేదమ్మా, నాలుగోసారి చెరపకండి. ముందుగా నోట్‌బుక్‌లో ఒక సెల్ తెరిచి, ‘ఇంపోర్ట్ సిస్’ అని రాసి, దాని కింద ‘సిస్.ఎగ్జిక్యూటబుల్’ అని రాసి నడపండి. అక్కడ ‘/యూఎస్ఆర్/బిన్’తో మొదలయ్యే దారి కనిపిస్తే, మీ నోట్‌బుక్‌ను నడుపుతున్నది ఉబుంటుతో వచ్చిన పైథాన్ అని తేలిపోతుంది.

యాక్టివేట్ చేయడం వల్ల ఆ టెర్మినల్‌లో పైథాన్ అని కొట్టినప్పుడు ఏ పైథాన్ పలకాలో మారుతుంది, అంతవరకే. నోట్‌బుక్ సెల్‌లో మనం రాసిన కోడ్‌ను కెర్నల్ అనే వేరే ప్రాసెస్ నడుపుతుంది. మీ ఎన్విరాన్‌మెంట్‌లో జూపిటర్ లేదు కాబట్టి, ఆ కమాండ్ కొట్టినప్పుడు తెరుచుకున్నది ఆప్ట్ వేసిన జూపిటరే, అది ఎత్తుకున్నది తన పైథాన్‌నే.

ఎన్విరాన్‌మెంట్‌ను యాక్టివేట్ చేసి ఉంచే ‘పిప్ ఇన్‌స్టాల్ ఐపైకెర్నల్’ అని వేయండి; ఆ పైథాన్‌ను జూపిటర్‌కు కెర్నల్‌గా నడిపే ప్యాకేజీ ఇది. తర్వాత ‘పైథాన్ -ఎమ్ ఐపైకెర్నల్ ఇన్‌స్టాల్ --యూజర్ --నేమ్ ఫ్లోరైడ్’ అని కొట్టండి (ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, టెర్మినల్‌లో ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి). దీనితో మీ హోమ్ ఫోల్డర్ లోపల దాగి ఉండే జూపిటర్ ఫోల్డర్‌లో కెర్నల్.జేసన్ అనే చిన్న ఫైలు తయారవుతుంది. వీలైతే దాన్ని తెరిచి చూడండి; ఫ్లోరైడ్ అనే కెర్నల్‌ను అడిగితే ఏ పైథాన్‌ను లేపాలో పూర్తి దారితో సహా అందులో రాసి ఉంటుంది. ఆపై నోట్‌బుక్‌లోని కెర్నల్ మెనూలో ఆ పేరును ఎంచుకుంటే సరిపోతుంది.

జవాబు 2 (సూర్యాపేట)

పై జవాబు సరైనదే, కానీ ఒకే ప్రాజెక్టు ఉన్నవారు ఇంత దూరం పోనక్కరలేదని నా అభిప్రాయం. ఎన్విరాన్‌మెంట్ లోపలే జూపిటర్‌ను కూడా వేసుకుని, అక్కడి నుంచే తెరిస్తే కెర్నల్ గొడవే ఉండదు. నాలుగైదు ప్రాజెక్టులు ఉన్నప్పుడు మాత్రం జూపిటర్‌ను ఒకచోటే ఉంచి, కెర్నల్‌లను పేర్లతో నమోదు చేసుకోవడం మేలు.

నోట్‌బుక్ లోపలి నుంచి ప్యాకేజీ వేయాల్సి వస్తే, ఆశ్చర్యార్థకం పెట్టి పిప్ అనకండి, శాతం గుర్తు పెట్టి అనండి. శాతం గుర్తుతో వేసింది నడుస్తున్న కెర్నల్‌కే చేరుతుంది; ఆశ్చర్యార్థకంతో వేసింది షెల్‌కు (టెర్మినల్ కమాండ్లను నడిపేదానికి) ఏ పిప్ ముందు దొరికితే దానికి పోతుంది.

ఇంకొక మాట. నేను ఒకసారి ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ల్యాబ్‌కు పోయి, పొద్దంతా కూర్చున్నా ఒక్క సెల్ నడపలేకపోయాను. ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లలో నా ఇంటి కంప్యూటర్ దారులు ఉన్నవి ఉన్నట్టే రాసి ఉండటం, పైగా ల్యాబ్‌లో ఉన్నది విండోస్ కావడం దానికి కారణం. మీరు ప్రాజెక్టును కాలేజీకి తీసుకుపోయేటట్లయితే, ‘పిప్ ఫ్రీజ్’ ఇచ్చే ప్యాకేజీల జాబితాను ఒక ఫైలులో దాచి, నోట్‌బుక్‌తో పాటు దాన్ని మాత్రమే తీసుకుపోయి, అక్కడ కొత్త ఎన్విరాన్‌మెంట్‌లో ఆ జాబితా ప్రకారం వేసుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. సిస్.ఎగ్జిక్యూటబుల్ నిజంగానే ‘/యూఎస్ఆర్/బిన్/పైథాన్3’ అని చూపింది. కెర్నల్‌ను నమోదు చేసిన తర్వాత కొత్త నోట్‌బుక్‌లో పాండాస్ వచ్చింది. అయితే పాత నోట్‌బుక్ తెరిస్తే మళ్లీ అదే ఎర్రర్ వస్తోంది.

జవాబు 1 (మహబూబ్‌నగర్)

ఏ కెర్నల్‌తో నడిచిందో నోట్‌బుక్ తన ఫైలులోనే రాసి పెట్టుకుంటుంది కాబట్టి, పాతది తెరిచినప్పుడల్లా పాత కెర్నలే లేస్తుంది. ఒకసారి మెనూలో ఫ్లోరైడ్‌ను ఎంచుకుని సేవ్ చేయండి. ఎప్పుడైనా ఈ ఎన్విరాన్‌మెంట్‌ను తీసివేస్తే, ‘జూపిటర్ కెర్నల్‌స్పెక్ అన్‌ఇన్‌స్టాల్ ఫ్లోరైడ్’ అని కూడా కొట్టండి; లేకపోతే ఆ పేరు మెనూలో అలాగే ఉండిపోయి, ఎంచుకున్నప్పుడు లేవదు.

ప్రశ్న అడిగినవారు

పాత నోట్‌బుక్ కూడా నడిచిందండి. పట్టికలోని బోర్లన్నీ వచ్చాయి.