అంబాసిడర్ మాస్టర్ సిలిండర్: కిట్ మార్చినా పెడల్ దిగిపోతోంది

తెనాలి_అంబాసిడర్:
నాన్నగారి 1978 మార్క్ 3. సిగ్నల్ దగ్గర బ్రేక్ మీద కాలు అలాగే ఉంచితే పెడల్ మెల్లగా కిందికి దిగిపోతోంది. నాలుగు చక్రాల దగ్గరా తడి లేదు, బ్రేక్ ఆయిల్ కూడా తగ్గడం లేదు. పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు కప్పుల కిట్ వేయిస్తే కొన్నాళ్లు బాగుంది, మళ్లీ మొదలైంది. సిలిండరే మార్చేయమంటున్నారు. కంపెనీతో వచ్చిన బాడీ పారేయడానికి మనసొప్పడం లేదు. బాగుచేయించుకున్నవాళ్లు చెప్పండి.

పాత_స్పానర్:
బయట లీకు లేకుండా పెడల్ దిగుతోందంటే ఆయిల్ లోపలే పిస్టన్ ముందుండే రబ్బరు సీలును, అంటే ప్రైమరీ కప్పును దాటి వెనక్కి వస్తోంది. అదే పుష్‌రాడ్ (పెడల్ నుంచి పిస్టన్‌ను తోసే కడ్డీ) రబ్బరు బూటు తడిగా ఉంటే పిస్టన్ వెనక సీలు, సెకండరీ కప్పు పోయినట్టు. కిట్ వేసినవాళ్లు బోరు, అంటే పిస్టన్ ఆడే లోపలి గోడ చూశారా? బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ నీటికి బోరు తుప్పుపట్టి గుంటలు పడతాయి. శుభ్రంగా తుడిచి టార్చి వేసి చూడండి. గోరుకు తగిలే గుంట ఉంటే ఎన్ని కిట్లు వేసినా దండగే.

వరంగల్_పద్మిని:
అన్న చెప్పింది నిజం. మరక మాత్రమే అయితే సన్న వాటర్‌పేపర్‌తో పోతుంది. గుండ్రంగానే తిప్పాలి. పొడుగునా రుద్దితే ఆ గీతల వెంటే ఆయిల్ జారుతుంది. గుంటలుంటే లేత్ షాపులో బోరు పెంచి ఇత్తడి గానీ స్టెయిన్‌లెస్ గానీ స్లీవ్ (లోపల బిగించే గొట్టం) వేయించి, పాత సైజుకే తెప్పించాలి.

అసలు జాగ్రత్త పడాల్సింది రంధ్రాల దగ్గర. పైనుంచి బోరులోకి రెండుంటాయి. పెద్దది ఆయిల్ నింపేది. సూదిమొనంత చిన్నది పెడల్ వదిలాక ఆయిల్ వెనక్కి పోయేది. స్లీవ్ వేశాక రెండూ పాత చోటే, పాత సైజులోనే పడాలి. లోపలి అంచు నున్నగా లేకపోతే కొత్త కప్పు పెదవిని కోసేస్తుంది. చిన్నది మూసుకుపోతే వేడికి పెరిగిన ఆయిల్‌కు దారి ఉండదు, నడుస్తూ నడుస్తూనే బ్రేకులు పట్టేస్తాయి.

గుంటూరు_గ్యారేజ్:
నేను ఒప్పుకోను తమ్ముడూ. సింగిల్ సర్క్యూట్ బండి. ఆ ఒక్క సిలిండర్ పోతే నాలుగు చక్రాలకూ బ్రేక్ ఉండదు, మిగిలేది హ్యాండ్‌బ్రేకే. స్లీవ్ పని తెలిసిన చెయ్యి దొరక్కపోతే మంచి కొత్త సిలిండర్ వేసుకోండి, పాతది ఇంట్లో దాచుకోండి. ఇంట్లోవాళ్లు ఎక్కే బండి కదా.

ఇంకోటి, కడగడానికి కిరోసిన్, పెట్రోలు, డీజిల్ దగ్గరికి రానివ్వొద్దు. రబ్బరు ఉబ్బిపోతుంది. స్పిరిట్‌తో గానీ కొత్త బ్రేక్ ఆయిల్‌తో గానీ కడగాలి. ఎప్పుడైనా పొరపాటున ఇంజనాయిల్ పోసి ఉంటే వీల్ సిలిండర్ల కప్పులు, హోస్‌లతో సహా రబ్బరన్నదల్లా మార్చాల్సిందే.

తెనాలి_అంబాసిడర్:
విప్పించాను. కప్పు ఆడే చోటే గుంటలున్నాయి. బ్రేక్ పనే చేసే లేత్ షాపు దొరికింది, స్లీవ్ వేయించాను. బిగించేటప్పుడు ఇంకేం చూడాలి?

పాత_స్పానర్:
కప్పులకు కొత్త బ్రేక్ ఆయిల్ రాసి, ప్రైమరీ కప్పు పెదవి స్ప్రింగ్ వైపుకు పెట్టండి. కప్పుకూ పిస్టన్‌కూ మధ్య పల్చటి వైసర్ మర్చిపోవద్దు. స్ప్రింగ్ చివరి వాల్వు కూడా కొత్తదే వేయండి. డ్రమ్ బ్రేకుల్లో లైన్‌లో కాస్త ఒత్తిడి నిలిపేది అదే. బండికి ఎక్కించే ముందే బెంచీ మీద నింపి పంపు కొట్టి గాలి తీసేస్తే తర్వాత సగం పని తప్పుతుంది. బండి మీద గాలి తీయడం వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టండి, మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరం అదే. బ్రేక్ ఆయిల్ డాట్ 3 రకం గానీ డాట్ 4 గానీ పోయండి. డాట్ 5 సిలికాన్‌ది, వీటితో కలవదు. పెయింటు మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి.

వరంగల్_పద్మిని:
పుష్‌రాడ్‌కూ పిస్టన్‌కూ మధ్య కొంచెం ఆట ఉండాలి. లేకపోతే పెడల్ వదిలినా కప్పు ఆ చిన్న రంధ్రాన్ని మూసే ఉంటుంది. అన్నీ బిగించాక కాసేపు నడిపి, నాలుగు డ్రమ్ములూ చేత్తో తాకి చూడండి. అన్నీ బాగా కాలుతుంటే ముందు ఆ ఆటే చూడాలి. ఒక్కటే కాలుతుంటే ఆ చక్రం షూ సెట్టింగో, వీల్ సిలిండరో.

తెనాలి_అంబాసిడర్:
నడిపాను. పెడల్ పైనే గట్టిగా నిలుస్తోంది, ఎంతసేపు తొక్కి పట్టినా దిగడం లేదు. వెనక కుడి డ్రమ్ము ఒక్కటే వేడెక్కుతోంది, రేపు అది విప్పుతున్నాం.