సొంత ఆర్పీజీ సెట్టింగ్‌లో వ్యోమనౌకల వేగానికి హద్దు ఎలా పెట్టాలి?

పాచికలసంచి (ప్రశ్న):
ఆర్పీజీ (ఒక్కొక్కరూ ఒక పాత్రగా ఆడే రోల్ ప్లేయింగ్ గేమ్) కోసం నేను రాసుకున్న, సౌరకుటుంబం లోపలే నడిచే సెట్టింగ్ (కథాలోకం) ఇది. సరుకు ఓడ ఖాళీగా 100 టన్నులు. ఇంజన్‌కి ఇంధనం లెక్క పెట్టలేదు, 1 జీ (భూమి గురుత్వాకర్షణంత) త్వరణంతో ఎంతసేపైనా నడుస్తుంది. చిక్కల్లా అక్కడే. అంగారకుడు 7.8 కోట్ల కి.మీ. దూరంలో ఉన్నప్పుడు సగం దారి వేగం పెంచుకుంటూ, మిగతా సగం తగ్గించుకుంటూ వెళ్తే ప్లేయర్లు రెండు రోజుల్లో దిగిపోతున్నారు. నడిమధ్యన వేగం సెకనుకు 874 కి.మీ. ఆ వేగంతో ఊరి మీద పడితే 9 మెగాటన్నుల బాంబు. అప్పు చేసి ఓడ కొన్న ప్రతివాడి చేతిలో అణ్వాయుధం ఉన్నట్టే.

"సెకనుకు 100 కి.మీ. దాటకూడదు" అని రూలు రాసేస్తే సరిపోతుందా? ప్రయాణానికి వారాలు పట్టాలి, లెక్క మాత్రం క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాల కాగితం) వెనక పట్టేంతే ఉండాలి.

కక్ష్యామార్గం:
అలా రాయకండి. 100 కి.మీ. అంటే దేనితో పోల్చి? భూమే సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కి.మీ. వేగంతో తిరుగుతోంది. హద్దు సూర్యుడితో పోల్చి అంటే, ఒకే ఓడ భూమి వెళ్ళే దిక్కున, భూమితో పోలిస్తే 70 కి.మీ. దగ్గరే ఆగిపోతుంది, ఎదురు దిక్కున 130 దాకా పోతుంది. మీ టేబుల్ దగ్గర ఒక్క ఫిజిక్స్ స్టూడెంట్ ఉన్నా మొదటి సెషన్‌లోనే పట్టేస్తారు.

వేగాన్ని వదిలేసి త్వరణానికీ ఇంధనానికీ హద్దు పెట్టండి. త్వరణం 0.01 జీ, ఎగ్జాస్ట్ వేగం (ఇంజన్ వెనక్కి చిమ్మే వాయువు వేగం) సెకనుకు 200 కి.మీ. అనుకుందాం. అదే దూరానికి ఇప్పుడు సుమారు 21 రోజులు, నడిమధ్య వేగం 87 కి.మీ. ఎక్కడానికి 87, ఆగడానికి 87, మొత్తం డెల్టా-వీ (వేగంలో తేవాల్సిన మార్పు) 174. రాకెట్ సమీకరణం ప్రకారం బయల్దేరేటప్పటి బరువు ఖాళీ బరువుకి 2.4 రెట్లు, అంటే 100 టన్నుల ఓడకి 140 టన్నుల ఇంధనం. (సూర్యుడి ఆకర్షణ, గ్రహాల కదలిక వదిలేశాను. ఆటకి ఇది చాలు.)

టేబుల్ మీద సెకనుకు 10 కి.మీ. వేగం మార్పుకి ఒక టోకెన్. నిండు ట్యాంకుకి 17. మంట వేసిన ప్రతిసారీ టోకెన్ తీసెయ్యాలి.

అసలు మజా పొదుపులో ఉంది. నాలుగు టోకెన్లతో 40 కి.మీ. వేగం ఎక్కి, ఇంజన్ ఆపేసి, చివర్లో ఇంకో నాలుగు పెట్టి ఆగితే 27 రోజులు పడుతుంది. అదనంగా ఆరు రోజులే, ఇంధనం మాత్రం 140 నుంచి 49 టన్నులకి దిగుతుంది. ఏ ఓడ యజమానైనా రెండోదే ఎంచుకుంటాడు. మీరు చెప్పకుండానే వేగం తగ్గిపోతుంది. మన మంగళయాన్ 2013 నవంబరు 5న బయల్దేరి 2014 సెప్టెంబరు 24న చేరింది, దానితో పోలిస్తే 27 రోజులు ఇప్పటికీ కలే.

వేడిపలక:
లెక్క బాగుంది గానీ "0.01 జీయే ఎందుకు, పెద్ద ఇంజన్ పెడతాం" అంటారు ప్లేయర్లు. దానికి జవాబు వేడి. నిండు ఓడ 240 టన్నులు. పై ఎగ్జాస్ట్ వేగంతో 1 జీ కావాలంటే మంటకి 235 గిగావాట్లు కావాలి. అందులో 5 శాతం ఓడలోనే వేడిగా మిగిలినా దాదాపు 12 గిగావాట్లు. శూన్యంలో వేడి పోవడానికి రేడియేషన్ ఒక్కటే దారి. 1500 కెల్విన్ దగ్గర రెండు వైపులా వెలిగే రేడియేటర్ చదరపు మీటరుకి 570 కిలోవాట్లు వదులుతుంది. అంటే సుమారు 20 వేల చ.మీ., ఐదెకరాల పలక! 0.01 జీకి ఐదు సెంట్లు చాలు.

యుద్ధంలో రేడియేటర్‌కి చిల్లు పడితే త్వరణం సగం చెయ్యండి. ఫైట్ దానంతటదే రసవత్తరంగా మారుతుంది.

గాలిబుడగ:
ఇంత లెక్క అందరికీ నచ్చదు. బుడగ ఇంజన్ (ఓడ చుట్టూ ఉన్న స్థలాన్నే బుడగలా కదిలించే ఊహా ఇంజన్) పెట్టుకోవచ్చు: ఓడని జరుపుతుంది, నిజమైన వేగం ఇవ్వదు. ఆపగానే బయల్దేరినప్పటి వేగమే మిగులుతుంది. ఢీకొట్టే ఆయుధం సమస్య అక్కడికక్కడే పోతుంది. కానీ భూమి దగ్గర ఎక్కి అంగారకుడి దగ్గర దిగితే ఆ రెండింటి కక్ష్యా వేగాల తేడా అలాగే ఉంటుంది, దాన్ని మామూలు రాకెట్‌తో సరిచెయ్యాలి. ఈ ఖర్చు మర్చిపోవద్దు. బుడగ లోపలి నుంచి తూటా పేలిస్తే ఏ వేగంతో బయటికొస్తుందో కూడా ముందే తేల్చి పెట్టుకోండి. కచ్చితంగా అడుగుతారు.

పాచికలసంచి:
టోకెన్లే తీసుకుంటున్నాను. ఒక అనుమానం: ఆగకుండా మొత్తం ఇంధనం వేగానికే కాలిస్తే?

కక్ష్యామార్గం:
174 కి.మీ. వేగంతో 100 టన్నులు, అంటే 360 కిలోటన్నులు. హిరోషిమా బాంబుకి 24 రెట్లు. నగరం పోతుంది, గ్రహం పోదు. దీన్ని పూర్తిగా మూసెయ్యకండి, కథకి పనికొస్తుంది.

మీ దూరానికే చూద్దాం, ఓడ అంగారకుడి నుంచి భూమికి వస్తోందనుకోండి. సగం దారిలో వెనక్కి తిరగాల్సిన ఓడ తిరగలేదు, మంట ఆపలేదు. గిగావాట్ల మంట దాచలేరు కాబట్టి గ్రహం మీద వాళ్ళకి వెంటనే తెలుస్తుంది. ఢీకొట్టేటప్పటికి వేగం 124 కి.మీ., చేతిలో నాలుగు రోజులు. అప్పుడే ఇంజన్ పగలగొట్టి పక్కకి సెకనుకు 30 మీటర్లు నెట్టినా భూమికి తగలకుండా పోతుంది. చివరి గంట దాకా ఆగితే అదే పనికి 2 కి.మీ. దాకా కావాలి.

చట్టం కూడా ఒకటి రాసుకోండి: ఏ ఓడా గ్రహం వైపు గురిపెట్టి రాకూడదు. ఇంజన్ చెడితే పక్క నుంచి పోయేలా దారి ఉండాలి, చివరి రోజున మాత్రమే సరిచేసుకోవాలి. అనుమతి లేకుండా ముందే సరిచేస్తే కాల్చే హక్కు ట్రాఫిక్ కంట్రోల్‌కి ఇవ్వండి. ఆ చివరి సవరణకి ఒక టోకెన్ విడిగా ఉంచమని ప్లేయర్లకి మొదటి సెషన్‌లోనే చెప్పండి, లేకపోతే పక్క నుంచే వెళ్ళిపోతారు.