బ్యాంకు లాయరు సరే అన్నాక మళ్లీ మన లాయరు ఎందుకు?

సాగరతీరం: విశాఖ మధురవాడలో రీసేల్ ఫ్లాటు. బిల్డరు అప్పట్లో తీయించిన లీగల్ ఒపీనియన్ ఉంది, లోను బ్యాంకు ప్యానెల్ లాయరు కూడా ఓకే అన్నారు. ఇంకో లాయరుకి ఫీజంటే దండగ అంటున్నారు ఇంట్లో. నెలాఖరుకి అగ్రిమెంటు. ఏం చేయమంటారు?

పాతదస్తావేజు: ఆ రెండు ఒపీనియన్లూ ఎవరి పేరుకి రాశారో మొదటి పేజీలో చూడండి. ఒకటి బ్యాంకు మేనేజరుకి, రెండోది బిల్డరుకి అయ్యుంటాయి. మీకు రాసింది ఒక్కటీ లేదు. బ్యాంకు లాయరు చూసేది అప్పుకి తాకట్టు సరిపోతుందా అని. రేపు తేడా వచ్చినా మీ ఈఎంఐ ఆగదు. బిల్డరుది ఆయనిచ్చిన జెరాక్సుల మీద రాసినది. "నాకు చూపిన నకళ్ల మేరకు" అన్న ముక్క ఎక్కడో ఉంటుంది, వెతకండి. బ్రోకరు తెచ్చే లాయరూ వద్దు. ఇక దస్తావేజు లేఖరి దస్తావేజు రాస్తాడు, టైటిల్ (అమ్మేవారికి ఆస్తి మీద హక్కు) చూడడు.

గెడ్డవార: మన ఊళ్లో ఈ అనుమానం ఇంకాస్త ఎక్కువే ఉండాలి గురూ. కొండవార భూముల్లో డి-పట్టాలున్నాయి (ప్రభుత్వం పేదలకిచ్చినవి), మాజీ సైనికులకిచ్చిన పట్టాలున్నాయి. అసైన్డ్ భూములంటే ఇలాంటివే. వీటి అమ్మకాన్ని నిషేధించే 1977 చట్టాన్ని మీరి అమ్మిన అసైన్డ్ భూమి మీద కొన్నవాడికి హక్కు రాదు, పైన ఐదంతస్తులు లేచినా సరే. మాజీ సైనికుల పట్టాని పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చు గనక పట్టా తేదీ, మొదటి అమ్మకం తేదీ పక్కపక్కన పెట్టి చూడమనండి. సర్వే నంబరు సబ్ డివిజన్‌తో సహా 22ఎ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూములది) వెతకాలి. అర్బన్ సీలింగ్ (పట్టణ భూపరిమితి చట్టం) 2008లో పోయింది కదా అనుకోవద్దు, అంతకుముందే ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న మిగులు భూమి ప్రభుత్వానిదే. అడవివరం, వేపగుంట వైపైతే సింహాచలం దేవస్థానానికీ అక్కడి ఐదు గ్రామాల వాళ్లకీ మధ్య భూముల మీదున్న పంచగ్రామాల గొడవ వేరే. గెడ్డ పోరంబోకో (వాగుకి చెందిన ప్రభుత్వ భూమో) కాదో పాత రెవెన్యూ రికార్డులైన ఎస్‌ఎఫ్‌ఏలోనో ఆర్‌ఎస్‌ఆర్‌లోనో తేలుతుంది.

సాగరతీరం: ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) ఆన్‌లైన్లో తీశాను, నిల్ (లావాదేవీలేవీ లేవని) వచ్చింది. అది మంచిదే కదా?

పాతదస్తావేజు: రీసేల్ ఫ్లాటుకి నిల్ వచ్చిందంటే వెతకడంలోనే తప్పుంది! అమ్మేవారు కొన్న దస్తావేజైనా కనిపించాలి కదండీ. 45/2ఎ బదులు 45/2 అని కొట్టినా, పాత డోర్ నంబరు వదిలేసినా ఇలాగే వస్తుంది. ఫ్లాటుకి ఒకటి, మొత్తం స్థలానికి సర్వే నంబరు మీద ఇంకొకటి తీయండి. ఆన్‌లైన్లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు వెనక్కి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. అదీ ఆ గ్రామం అప్పట్లో ఏ ఆఫీసు కింద ఉండేదో అక్కడ.

అన్నీ సరిగ్గా కొట్టినా ఈసీలో కనపడనివి ఉంటాయి: రిజిస్టరు కాని వీలునామా, కోర్టు దావా, వారసులు. దావా నడుస్తుండగా కొంటే తీర్పు మిమ్మల్నీ కట్టేస్తుంది. అమ్మేవారు, భూయజమాని పేర్లతో ఈ-కోర్ట్స్‌లో వెతికించండి, ఇంటిపేరు ముందూ వెనకా మార్చి. పిత్రార్జితమైతే కూతుళ్ల సంతకాలున్నాయా చూడాలి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్మకమైతే ఇచ్చినవారు బతికున్నారా అన్నది మొదటి ప్రశ్న.

మూడోఅంతస్తు: అపార్టుమెంటుకి ఇంకోటి. ప్లాను ఇచ్చేటప్పుడు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కట్టబోయే విస్తీర్ణంలో కొంత భాగం తన దగ్గర తనఖా పెట్టించుకుంటుంది, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే వదులుతుంది. మీ ఫ్లాటు ఆ తనఖాలోది కాదని ప్లాను కాపీ చూసి తేల్చుకోవాలి. డెవలప్‌మెంట్ అగ్రిమెంటుకి (భూయజమాని, బిల్డరు రాసుకున్న ఒప్పందానికి) సప్లిమెంటరీ, అంటే అనుబంధ ఒప్పందం కూడా అడగండి, మీ ఫ్లాటు ఓనరు వాటాదో బిల్డరు వాటాదో అందులో ఉంటుంది. బిల్డరు వాటాది ఓనరు ఒక్కడే అమ్మేస్తే చిక్కు.

అమ్మేవాణ్ణి: అందరూ కొనేవాళ్ల గురించే చెబుతున్నారు. అమ్మేవాళ్లకీ లాయరు కావాలి. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో వచ్చిన సవరణ తర్వాత అగ్రిమెంటు మీద సంతకం పెట్టి వెనక్కి తగ్గితే, ఒప్పందం అమలు చేయమని కోర్టు ఆదేశించే అవకాశం బాగా పెరిగింది. దావాకి మూడేళ్ల గడువుంటుంది, అన్నాళ్లూ మీ ఆస్తి ఇరుక్కున్నట్టే. "మిగతా సొమ్ము వీలైనప్పుడు" లాంటి మాటలు కొట్టేయించి తేదీ వేయించండి. పూర్తి సొమ్ము ముట్టేదాకా ఒరిజినల్స్ చేతికివ్వకండి. ధర 50 లక్షలు, ఆపైన అయితే కొనేవారు 1 శాతం టీడీఎస్ కోస్తారు, అది మీ పాన్ మీద పడిందో లేదో చూసుకోండి.

సాగరతీరం: అమ్మేవారి ఒరిజినల్స్ వాళ్ల లోను బ్యాంకులో ఉన్నాయట, చూపించలేనన్నారు.

పాతదస్తావేజు: బ్యాంకు దగ్గరున్న పత్రాల జాబితా రాతపూర్వకంగా అడగమనండి, లింకులన్నీ (ఆస్తి చేతులు మారిన వరస దస్తావేజులు) ఉన్నాయో లేదో తెలుస్తుంది. ఈలోగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీలకి మీ లాయరే దరఖాస్తు చేస్తారు. 30 ఏళ్ల లింకులకి వారం పది రోజులు పట్టొచ్చు. ఫీజు, నకళ్ల ఖర్చు ముందే విడివిడిగా మాట్లాడుకోండి. ఒపీనియన్ మీ పేరుకే, సంతకంతో, లోపాలు వరసగా రాసి ఇవ్వాలి.

గెడ్డవార: మహిళలకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచిత సలహా దొరుకుతుంది. కోర్టు కాంప్లెక్స్‌లో అడగండి. ఫ్లాటు మీ ఆవిడ పేరున అయితే ఆవిడ వెళ్లొచ్చు.

సాగరతీరం: నెలాఖరు తేదీ జరపనంటే?

పాతదస్తావేజు: అప్పుడు అగ్రిమెంటు కాదు, చిన్న టోకెన్ రసీదు రాయించండి. అందులో ఈ వాక్యం ఉండాలి: "కొనుగోలుదారు న్యాయవాది టైటిల్ సంతృప్తికరంగా లేదని రాతపూర్వకంగా తెలిపిన యెడల, టోకెన్ సొమ్ము పూర్తిగా 7 రోజుల్లో వాపసు చేయబడును." దీనికి ఒప్పుకోకపోతే తేదీ పోనివ్వండి.