అప్‌డేట్: వాక్యూమ్ పంప్ ఆయిల్ తెల్లగా పాలలా అవ్వడం ఆగిందండి

భీమవరం నుంచి రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ అనే పదార్థం వాక్యూమ్ ఓవెన్‌లో ఆరబెడుతుంటే, ఓవెన్‌లోంచి గాలి లాగే రోటరీ పంప్ ఆయిల్‌లో నీటి ఆవిరి చేరి తెల్లబడిపోతోందని అడిగాను కదా, గ్యాస్ బ్యాలస్ట్ (పంప్‌లోకి కొంచెం గాలి వదిలే వాల్వ్) తెరవమనీ కోల్డ్ ట్రాప్ (ఆవిరి పంప్‌కి చేరకముందే చల్లబరిచి పట్టేసే పాత్ర) పెట్టమనీ చెప్పారు, రెండూ చేశాం, ఇప్పుడు ఆయిల్ క్లియర్‌గా ఉందండి.

ముందు పాత ఆయిల్ వేడిగా ఉండగానే దించేసి, కొత్తదాంతో ఒకసారి కడిగి మళ్లీ నింపాం. ఇప్పుడు ఇన్‌లెట్ మూసి, బ్యాలస్ట్ తెరిచి ఓ అరగంట నడిపి పంప్ వేడెక్కాకే ఓవెన్ కలుపుతున్నాం. బ్యాలస్ట్ నుంచి కొంచెం గాలి లోపలికి వెళ్తే ఆవిరి నీరయ్యేలోపే ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకుని బయటికి పోతుంది, అసలు కిటుకు అదేనండి. పని అయ్యాక కూడా అలాగే ఇంకో అరగంట.

ట్రాప్‌కి డ్రై ఐస్ దొరక్కపోతే ఇక్కడ చేపల ఐస్‌కి కొదవేముంది, అందులో ఉప్పు కలిపితే మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దాకా దిగుతుంది, నీటి ఆవిరిని పట్టడానికి సుమారు 1 మిల్లీబార్ పీడనం దాకా పనికొస్తుంది. ఇథనాల్ ఉంటే మాత్రం ఇది చాలదు, డ్రై ఐసే కావాలి, మైనస్ 78. లిక్విడ్ నైట్రోజన్ వాడేవాళ్లు దయచేసి జాగ్రత్త, ట్రాప్ చల్లగా ఉండగా గాలి లోపలికి లాగితే లిక్విడ్ ఆక్సిజన్ చేరుతుంది, సాల్వెంట్‌తో కలిస్తే పేలొచ్చు.

ఎగ్జాస్ట్ గొట్టం ఫ్యూమ్ హుడ్‌లోకి పెట్టేశాం. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్సండి, మా పిల్లలు కూడా ఇదే పద్ధతి నేర్చుకుంటున్నారు.