బెంటన్‌విల్‌లో అన్ని ట్రెయిల్స్‌కీ ఒకే మౌంటెన్ బైక్: 2,800 డాలర్లలో ఏ ఫుల్ సస్పెన్షన్ తీసుకోవాలి?

చైన్‌రింగ్_32

అందరికీ నమస్తే. ఉండేది ఆర్కాన్సాలోని బెంటన్‌విల్‌లో. ప్రస్తుతం 100 మి.మీ. ఫోర్క్ (ముందు సస్పెన్షన్) ఉన్న హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేని సైకిల్) తొక్కుతున్నాను, ముందూ వెనకా ఉండే ఫుల్ సస్పెన్షన్‌కి మారాలని ఉంది. పన్ను, పెడల్స్, ఇతరత్రా అన్నీ కలుపుకుని 2,800 డాలర్లు దాటకూడదు. రెండో బండి ఊసే లేదు. గ్యారేజీలో చోటు లేదు, ఇంట్లో అనుమతి అంతకన్నా లేదు.

ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, ఇన్‌సీమ్ 30 అంగుళాలు, బరువు 78 కిలోలు. వారం మధ్యలో తొక్కే ట్రెయిల్స్ స్లాటర్ పెన్, కోలర్. శని, ఆదివారాల్లో బెల్లా విస్టా వైపు బ్యాక్ 40, లిటిల్ షుగర్. ఏడాదికి రెండు మూడుసార్లు యురేకా స్ప్రింగ్స్ దగ్గరి లేక్ లెదర్‌వుడ్. చిన్న టేబుల్‌టాప్‌లు (పైన చదునుగా ఉండే జంప్‌లు) ఎగురుతాను, మధ్యలో ఖాళీ ఉండే పెద్ద గ్యాప్‌ల జోలికి పోను.

నార్కో ఫ్లూయిడ్, మారిన్ రిఫ్ట్ జోన్, పాలిగన్ సిస్కియూ టీ8, అల్యూమినియం కాన్యన్ స్పెక్ట్రల్ చూశాను. ఇదే డబ్బుకు సెకండ్‌హ్యాండ్‌లో కార్బన్ ఫ్రేమ్ స్టంప్‌జంపర్ కూడా కనిపిస్తోంది. ట్రావెల్ (సస్పెన్షన్ కుంగే దూరం) ఎంత ఉండాలి? కార్బన్ కోసం పాత బండికి వెళ్లొచ్చా? పార్ట్స్‌లో దేనికి డబ్బు పెట్టాలి, దేన్ని వదిలెయ్యొచ్చు?

బెల్లావిస్టా_బాబాయ్

ముందు ట్రావెల్ సంగతి తేల్చుకోండి, మిగతావి దాని వెనకే వస్తాయి. మన దగ్గర కొండలు పొట్టివి. కాసేపు ఎక్కడం, కాసేపు దిగడం, మళ్లీ ఎక్కడం. బ్యాక్ 40లో ఇదే తంతు ఇరవై మైళ్ల పైచిలుకు నడుస్తుంది. వెనక 150, ముందు 160 మి.మీ. ఉన్న బండితో సగం దారి అయ్యేసరికి కాళ్లు మొరాయిస్తాయి. స్లాటర్ పెన్‌లో మెషీన్‌తో చెక్కిన ఫ్లో లైన్ల మీదేమో అంత ట్రావెల్ ఇంకో రకంగా నష్టం: రోలర్ల (వరస గుబ్బల) మీద మీరు బండిని నొక్కి, పంప్ చేసి తెచ్చుకున్న వేగాన్ని వెనక షాకే మింగేస్తుంది. వెనక 125 నుంచి 135, ముందు 140 మీకు సరైన కొలత. లెదర్‌వుడ్‌లో కాస్త వేగం తగ్గించి దిగితే చాలు. ఆ రెండు మూడు రోజుల కోసం ఏడాదంతా అదనపు బరువు లాగడం దండగ. మీ జాబితాలోంచి స్పెక్ట్రల్ ఇక్కడే తప్పుకుంటుంది. కాన్యన్‌లోనే కావాలంటే అల్యూమినియం న్యూరాన్ చూడండి.

అలాగని 130 అంటే అన్నీ ఒకటే కాదు. హెడ్ యాంగిల్ (ముందు ఫోర్క్ వాలు) 67, 68 డిగ్రీలుండే పాతకాలపు 130 బండి కోలర్‌లో రాతి మెట్టు దిగేటప్పుడు మిమ్మల్ని హ్యాండిల్‌బార్ మీదికి నెడుతుంది. ఇప్పటి 130 బండ్లలో అది 65, 66 దగ్గరుంటుంది, ముందు చక్రం ఇంకాస్త ముందుకు జరుగుతుంది కాబట్టి అదే మెట్టు మీద ధీమాగా ఉంటుంది. సీట్ ట్యూబ్ యాంగిల్ (సీటు గొట్టం వాలు) 76కి తగ్గకూడదు. 74 అయితే నిటారు ఎక్కుడులో బరువు వెనక్కి జారి, ముందు చక్రం తేలిపోతూ ఉంటుంది.

సైజు మీడియమే. రీచ్ (పెడల్ ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం దాకా అడ్డ దూరం) 440 నుంచి 455, స్టెమ్ (హ్యాండిల్‌బార్‌ని పట్టి ఉంచే ముక్క) 40 లేదా 50 మి.మీ. కానీ మీరు చూసుకోవాల్సింది సీట్ ట్యూబ్ పొడవు, ఇది చాలామంది వదిలేస్తారు. 30 అంగుళాల ఇన్‌సీమ్‌కి బాటమ్ బ్రాకెట్ (పెడల్ ఇరుసు కూర్చునే చోటు) నుంచి సీటు పైభాగం దాకా సుమారు 670 మి.మీ. వస్తుంది. సీట్ ట్యూబ్ 420 అయితే మిగిలేది 250. డ్రాపర్ (తొక్కుతూనే దించగలిగే సీటు కాడ) ట్రావెల్ 150, దాని కాలర్, తల, సీటు మందం కలిపి మరో 90 దాకా పోతుంది. అంటే 150 డ్రాపర్ పడుతుంది, 170 పట్టదు. సీట్ ట్యూబ్ 450 ఉన్న ఫ్రేమ్ అయితే 125తో సర్దుకోవాల్సిందే. జియామెట్రీ చార్ట్‌లో ఆ ఒక్క అంకె చూడకుండా డబ్బు కట్టకండి.

ఫ్లూయిడ్, రిఫ్ట్ జోన్, సిస్కియూ మూడూ ఈ లెక్కకు దగ్గరగానే వస్తాయి. నా ఓటు మొదటి రెండింటిలో మీ ఊరి షాపులో దొరికే దానికి.

టార్క్‌రెంచ్

బాబాయ్ గారి ట్రావెల్ లెక్కతో పేచీ లేదు. పార్ట్స్ విషయానికొస్తే, కంపెనీలు డబ్బు ఎక్కడ మిగుల్చుకుంటాయో తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే. ఫొటోలో బాగా కనిపించేది వెనక డీరేలర్ (గేర్లు మార్చేది), కాబట్టి అక్కడ మంచిది పెడతారు. కాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి), హబ్‌లు (చక్రాల నడిమి భాగాలు), రోటర్లు (బ్రేక్ పళ్లేలు), ఫోర్క్ లోపల కుదుపును అణిచే డ్యాంపర్ కనిపించవు, కాబట్టి కోత అక్కడ పడుతుంది.

డబ్బు పెట్టాల్సింది ఫోర్క్ మీద. ఫాక్స్ 34 రిథమ్, మార్జోకి జెడ్2, రాక్‌షాక్స్ పైక్ సెలెక్ట్, వీటిలో ఏది వచ్చినా సరే. రాక్‌షాక్స్‌లోనే కింది మెట్టు రీకాన్, 35 సిరీస్ స్థాయి ఫోర్క్‌లు విరిగిపోవు గానీ, బ్యాక్ 40లో రాళ్లు వరసగా తగిలేచోట డ్యాంపర్ అందుకోలేక చేతులకు దెబ్బలు తెలుస్తాయి. బ్రేక్ గట్టిగా పడితే ముక్కు కిందికి దిగిపోతుంది. తర్వాత మార్చుకుందాంలే అనుకుంటే కొత్త ఫోర్క్ 500 నుంచి 900 డాలర్లు. డీరేలర్ మార్చడం దీని ముందు చిల్లర ఖర్చు.

డ్రైవ్‌ట్రెయిన్‌కి షిమానో డియోర్ 12 స్పీడ్, 10–51 పళ్ల కాసెట్, చాలు. దాని పైమెట్లు ఎస్ఎల్ఎక్స్, ఎక్స్‌టీ అక్కర్లేదు. శ్రామ్ ఎన్ఎక్స్ పడదని కాదు, దాంట్లో ఒక మెలిక ఉంది: 11–50 కాసెట్ పాత తరహా హెచ్‌జీ ఫ్రీహబ్ (హబ్‌లో కాసెట్ తగిలించే భాగం) మీద కూర్చుంటుంది. రేపు శ్రామ్‌లోనే పైమెట్టు జీఎక్స్ 10–52కి వెళ్లాలంటే ఎక్స్‌డీ ఫ్రీహబ్ బాడీ కూడా కొనాలి. బండిలో వేసిన చవక హబ్‌కి ఆ బాడీ దొరకదనుకోండి, ఇక చక్రమే మార్చాలి.

బ్రేకులు నాలుగు పిస్టన్లవి. షిమానో ఎంటీ420, డియోర్ ఎం6120, శ్రామ్ డీబీ8, కోడ్ ఆర్, ఏదైనా పర్వాలేదు. రోటర్ కనీసం ముందు 180 మి.మీ., వీలైతే 203. ఇంకో చిన్న మోసం: షిమానో ఆర్‌టీ10, ఆర్‌టీ26, ఆర్‌టీ30 రోటర్లు రెసిన్ ప్యాడ్‌లకు మాత్రమే. రోటర్ మీదే ఆ మాట రాసి ఉంటుంది. లెదర్‌వుడ్‌కి మెటల్ ప్యాడ్ వేద్దామనుకుంటే రోటర్లూ మార్చాలి. ఆరు బోల్టుల హబ్ అయితే ఆర్‌టీ66, సెంటర్‌లాక్ (ఒకే రింగుతో బిగించేది) అయితే ఆర్‌టీ64.

ఫ్రేమ్‌లో మూడు చూడండి. వెనక యాక్సిల్ (ఇరుసు) 148 మి.మీ. బూస్ట్ కొలత, థ్రెడెడ్ (మరతో బిగించే) బాటమ్ బ్రాకెట్, యూడీహెచ్ హ్యాంగర్ (డీరేలర్‌ని ఫ్రేమ్‌కి తగిలించే, చాలా బ్రాండ్లకు ఒకేలా ఉండే ముక్క). ప్రెస్‌ఫిట్ (మర లేకుండా నొక్కి దింపే) బాటమ్ బ్రాకెట్ ఉన్నంత మాత్రాన బండి చెడ్డది కాదు, కిర్రుమంటే మాత్రం ఆ చప్పుడు పట్టుకోవడం తలనొప్పి. యూడీహెచ్ ఉంటే రాయి తగిలి హ్యాంగర్ వంగినా ఏ షాపులోనైనా కొత్తది దొరుకుతుంది.

కార్బన్? ఈ బడ్జెట్‌లో వద్దు. ఫ్రేమ్‌లో మిగిలే కిలో లోపు బరువు కోసం పైవన్నీ వదులుకోవాలి.

గోదారి_గేర్లు

కార్బన్ మీద అంత కచ్చితంగా తలుపు వేసేయకండి గురూ. బెంటన్‌విల్ లాంటి ఊళ్లో సెకండ్‌హ్యాండ్ సంత పెద్దది. మూడేళ్ల క్రితం 5,000 పైన పలికిన బండ్లు సగం ధరకు వస్తుంటాయి. చూడటం తెలిస్తే మంచి బేరమే.

బండి దగ్గరికి వెళ్లాక ముందు ఫోర్క్ స్టాంచన్ల (నున్నటి పై గొట్టాల) మీద గోరు రాసి చూడండి. గోరు ఆగే గీత సీల్ జారే చోట ఉంటే నూనె కారుతుంది, బాగుచేయడం ఖరీదు. తర్వాత సీటు పట్టుకుని వెనక చక్రం నేల వదిలేంత వరకు మెల్లగా ఎత్తండి. టక్కుమని చిన్న ఆట తెలిస్తే షాక్ చివరి బుషింగ్ అరిగింది, అది చవకే. ఇప్పుడు ఫ్రేమ్ పట్టుకుని వెనక చక్రాన్ని పక్కలకు ఊపండి. అక్కడ ఆట ఉంటే అది పివట్ (ఫ్రేమ్ వెనక భాగం కదిలే కీలు) బేరింగో, హబ్ బేరింగో. పివట్ సెట్ మొత్తం మార్చాలంటే బేరింగులు, కూలీ కలిపి 200 నుంచి 300 అవుతుంది, ఆ మేరకు బేరం తగ్గించండి.

కార్బన్ అయితే డౌన్ ట్యూబ్ (ఫ్రేమ్ కింది పెద్ద గొట్టం) అడుగున, చైన్‌స్టే (పెడల్ ఇరుసు నుంచి వెనక చక్రానికి పోయే గొట్టం) లోపలి వైపు, షాక్ బిగించే చోట టార్చ్ వేసి చూడండి. గీత ఫర్వాలేదు. పెయింట్ కింద నార తేలినా, వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయినా వదిలేయండి. చైన్‌కి అరుగుదల గేజ్ పెట్టండి, 12 స్పీడ్‌లో 0.5 శాతం దాటితే చైన్ మార్చాల్సిందే, కాసెట్ కూడా అరిగి ఉండొచ్చు.

మూడు మాటలు గుర్తుంచుకోండి. ఫ్రేమ్ వారంటీ చాలా కంపెనీల్లో మొదటి యజమానికే. బాటమ్ బ్రాకెట్ కింద ఉండే సీరియల్ నంబర్‌ని బైక్ ఇండెక్స్‌లో (దొంగ సైకిళ్లను వెతికే వెబ్‌సైట్) కొట్టి చూడకుండా డబ్బు ఇవ్వకండి. ఫోర్క్, షాక్ చివరిసారి ఎప్పుడు సర్వీస్ అయ్యాయని అడగండి. జవాబు నసిగితే ధరలోంచి ఇంకో 300 తీసేయండి.

టార్క్‌రెంచ్

అన్నా, మీరు చెప్పిన తనిఖీలు మొదటి ఫుల్ సస్పెన్షన్ కొనేవాళ్లకు చేతకావు, అదే నా బాధ. ఏ చప్పుడు ఎక్కడిదో తెలియడానికే ఒక సీజన్ పడుతుంది. తోడుగా తెలిసినవాళ్లుంటే సరే.

చైన్‌రింగ్_32

అందరికీ థాంక్స్. తోడు ఎవరూ లేరు, కొత్తదే తీసుకుంటాను. ఊళ్లో ఫ్లూయిడ్ మీడియం ఒకటి 2,200కి ఉంది. సిస్కియూ అంతకన్నా తక్కువకు, మంచి పార్ట్స్‌తో ఆన్‌లైన్‌లో వస్తుంది, కానీ పెట్టెలో, నేనే బిగించుకోవాలి. ఆ తేడా డబ్బు విలువ చేస్తుందా? కొన్నాక మొదట ఏం మార్చాలి?

బెల్లావిస్టా_బాబాయ్

లెక్క వేసుకోండి. 2,200కి ఇక్కడి సేల్స్ ట్యాక్స్ కలిపితే 2,400 పైచిలుకు. ఈ తరగతి బండ్లు చాలావరకు పెడల్స్ లేకుండా వస్తాయి: నైలాన్ ఫ్లాట్ పెడల్స్ 60. వెనక టైరు 75, ట్యూబ్‌లెస్ వాల్వులు, సీలెంట్ (టైరు కన్నాలు పూడ్చే ద్రవం) 50, షాక్ పంప్ 40, మోకాలి ప్యాడ్లు 70. వాటి పన్నుతో సహా 2,730 దగ్గర తేలుతుంది, 2,800 లోపే.

వెనక టైరు ఎందుకంటే, బెల్లా విస్టా నిండా చర్ట్ రాయి. చెకుముకి జాతిది, పగిలితే బ్లేడు అంచు. అక్టోబరు, నవంబరుల్లో ఓక్ ఆకులు కప్పేస్తే అది కంటికి కూడా కనిపించదు. బండితో వచ్చే టైరు పక్క గోడలు పల్చగా ఉంటాయి, సైడ్‌వాల్ కోసుకుపోతే సీలెంట్ ఆపలేదు. మ్యాక్సిస్‌లో అయితే ఎక్సో ప్లస్ కేసింగ్ (గట్టి పక్క గోడ) ఉన్న డిసెక్టర్ గానీ డీహెచ్ఆర్ 2 గానీ, 29 అంగుళాలకి 2.4 వెడల్పు. ముందు టైరు అరిగేదాకా ఉంచండి. 'ట్యూబ్‌లెస్ రెడీ' అని రాసున్నా చాలా బండ్లలో లోపల ట్యూబే ఉంటుంది. ట్యూబ్ తీసి, రిమ్ టేప్ అంతటా అంటుకుందో లేదో చూసి, చక్రానికి 100 నుంచి 120 మి.లీ. సీలెంట్ పోయండి. మీ బరువుకు ముందు 22, వెనక 25 పీఎస్ఐతో మొదలుపెట్టండి. వెనక రిమ్ రాయికి ఠంగుమని తగిలితే ఒక్కో పీఎస్ఐ పెంచుతూ పోండి.

షాపు బండికి మొదటి సర్వీసు, కేబుల్ సర్దుబాటు చాలాచోట్ల ఉచితంగా చేస్తారు. ధర తేడా 200 లోపైతే షాపుదే తీసుకోండి. 400 దాటితే పెట్టె గురించి ఆలోచించవచ్చు.

టార్క్‌రెంచ్

పెట్టె బండే తీసుకుంటే జాగ్రత్తలు ఇవి. స్టెమ్ బోల్టులు 5 న్యూటన్ మీటర్లు, ముందు పలక పైనా కిందా సందు సమానంగా ఉండేలా కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి. ఆరు బోల్టుల రోటర్ 6. వెనక యాక్సిల్‌కి దాని మీదే రాసి ఉన్న అంకె, సాధారణంగా 12. ఎడమ పెడల్ మర మామూలుకి వ్యతిరేక దిశ, ఎడాపెడా బిగిస్తే క్రాంక్ పాడవుతుంది. బ్రేకులకు ఓ మోస్తరు వేగం నుంచి చక్రం లాక్ కాకుండా ఇరవై సార్లు గట్టిగా ఆపి ప్యాడ్‌లను అలవాటు చేయండి. అది చేయకుండా నేరుగా లెదర్‌వుడ్ దిగితే ప్యాడ్‌లు గాజులా నున్నబడి కీచుమంటాయి.

హార్డ్‌టెయిల్ నుంచి వచ్చేవాళ్లకు తెలియనిది ఒకటుంది: వెనక సస్పెన్షన్ కుంగినప్పుడు చాలా ఫ్రేముల్లో చైన్ దారి పొడవు పెరుగుతుంది. అందుకే కొత్త చైన్ కత్తిరించేటప్పుడు షాక్ గాలి తీసేసి, పూర్తిగా కుంగించి, పెద్ద పళ్లచక్రం మీద కొలవాలి. స్టాండ్ మీద కొలిచి కత్తిరిస్తే మొదటి పెద్ద డ్రాప్‌లోనే డీరేలర్ పీక్కుపోతుంది. శ్రామ్ ఈగిల్ అయితే బీ గ్యాప్ (డీరేలర్ పై చక్రానికీ పెద్ద పళ్లచక్రానికీ మధ్య సందు) కూడా మీరు సీటు మీద కూర్చుని, బండి సాగ్‌లో (మీ బరువుకు కుంగిన స్థితిలో) ఉండగా ఇంకొకరి చేత కొలిపించాలి.

సాగ్ ఇలా పెట్టండి. హెల్మెట్, నీళ్ల సంచీతో సహా మీ బరువు 180 పౌండ్ల దగ్గర పడుతుంది, కాబట్టి షాక్‌లో 180 పీఎస్ఐతో మొదలు. షాక్ స్ట్రోక్ (కడ్డీ కదిలే దూరం) 50 మి.మీ. అయితే దాని మీది ఓ-రింగ్ 15 దగ్గర ఆగాలి, అది 30 శాతం. 140 ఫోర్క్‌లో 21 నుంచి 28 మధ్య. రీబౌండ్‌కి (కుంగాక తిరిగి లేచే వేగానికి) ఫుట్‌పాత్ అంచు మీంచి కూర్చునే దిగండి: వెనక భాగం ఒకసారి లేచి కుదురుకోవాలి, రెండోసారి ఎగిరితే రెండు క్లిక్‌లు నెమ్మది చేయండి. చిన్న జంప్‌లకే ట్రావెల్ అంతా అయిపోతుంటే గాలి పెంచకండి, లోపల ఒక వాల్యూమ్ స్పేసర్ (గాలి గదిని చిన్నది చేసే ముక్క) వేయండి. గాలి పెంచితే చిన్న రాళ్ల మీద మెత్తదనం పోతుంది.

రాక్‌షాక్స్ అయితే 50 గంటలకోసారి ఫోర్క్ లోయర్స్ (కింది కాళ్లు), షాక్ ఎయిర్ క్యాన్ (గాలి డబ్బా) విప్పి శుభ్రం చేసి కొత్త నూనె. ఫాక్స్ లెక్క 125 గంటలు లేదా ఏడాది. మొదటి మూడు నాలుగు రైడ్ల తర్వాత పివట్ బోల్టులన్నీ మాన్యువల్‌లోని టార్క్‌కి ఒకసారి సరిచూడండి, కొత్త బండ్లలో కనీసం ఒకటైనా వదులవుతుంది. నీలం థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా వేసే జిగురు) ఒక చుక్క చాలు, ఎరుపుది వాడితే వేడి చేయకుండా బోల్టు మళ్లీ ఊడదు.