పరిశోధన పేపర్లు, వాటిని ఇతరులు ప్రస్తావించిన సైటేషన్ల లెక్కన చూస్తే శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారికి ఈరోజు ప్రమోషన్ వస్తుందా?

భీమవరం_డాక్టర్: మెడికల్ కాలేజీల్లో ప్రమోషన్‌కి పేపర్లు అడగడం పూర్తిగా తీసేయాలి. 1895లో మా భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారినే చూడండి. బోదకాలుకి ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం తెచ్చిందే. లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లల మీద బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ వాడి 1948లో పేపరు రాసిన అమినోప్టెరిన్ మందు వచ్చిందీ ఆ ల్యాబ్ నుంచే. 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. ఆ పేపరు మీద ఐదు పేర్లున్నాయి, సుబ్బారావు గారి పేరు లేదు. ఇక సైటేషన్లు లెక్కపెట్టి ఏం తేలుస్తారు?

బయోకెమ్_మాస్టారు: ఆయనకి సైటేషన్లు లేవనకండి. 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి రాసిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచమంతా వాడింది. ఎమ్మెస్సీలో మేమూ ఆ నీలం రంగు చూసే రీడింగులు తీశాం. పద్ధతి చెప్పే పేపర్లకి సైటేషన్లు ఎక్కువే వస్తాయి. 1951లో ప్రోటీన్ కొలిచే పద్ధతి మీద లౌరీ రాసిన పేపరుకి మూడు లక్షలు దాటాయి. అదేమంత గొప్ప పేపరు కాదని లౌరీయే అన్నాడు. ల్యాబ్‌లో పద్ధతి వాడినవాడు పేపర్లో దాని పేరు రాస్తాడు. మాత్ర రాసే డాక్టరు చీటీలో ఎవరి పేరూ రాయడు కదా.

ఉప్పల్_ల్యాబ్: కణాలకి శక్తినిచ్చే ఏటీపీని కనుక్కున్నదీ ఆయనే!

బయోకెమ్_మాస్టారు: 1929లో జర్మనీలో లోమన్ కూడా ప్రకటించాడు. సుబ్బారావు గారొక్కరిదే అనడం సరికాదు.

ఉప్పల్_ల్యాబ్: మనవాడి పేరు ఎత్తగానే ఎవరో ఒక లోమన్ వస్తాడు.

బయోకెమ్_మాస్టారు: రెండు పేపర్లూ అదే ఏడాదివి. తేదీలు చూసుకోండి.

సీనియర్_రెసిడెంట్: ఏటీపీ సంగతి ఆపండి సార్. 2020లో అప్పటి వైద్య మండలి ఎంసీఐ పెట్టిన నిబంధన ప్రకారం, ప్రమోషన్‌కి పేపరు చెల్లాలంటే పేర్ల వరుసలో మొదటి ముగ్గురిలో ఉండాలి, లేదా కరస్పాండింగ్ ఆథర్ (పేపరు తరఫున జవాబులిచ్చే రచయిత) అయ్యుండాలి. 1925 పేపర్లో సుబ్బారావు గారు రెండో పేరు, కాబట్టి చెల్లుతుంది. ఫోలిక్ ఆసిడ్ తయారీ మీద 1946లో సైన్స్‌లో వచ్చిన పేపర్లో 16 మంది, ఆయనది మధ్యలో ఎక్కడో. అది చెల్లదు. నా థీసిస్ డేటా నేనే సేకరించా, రోగులకి ఫోన్లు నేనే చేశా. పేపరు అచ్చయ్యాక చూస్తే ముందు గైడ్ గారు, తర్వాత డిపార్ట్‌మెంట్ పెద్దలు, నాది ఐదో పేరు. ఇంటర్వ్యూలో ఆ పేపరు పక్కన పెట్టేశారు.

భీమవరం_డాక్టర్: తమ్ముడూ, సుబ్బారావు గారు పేరు కోసం ఎప్పుడూ పాకులాడలేదు. ఆయన్ని చూసి నేర్చుకోవాలి.

సీనియర్_రెసిడెంట్: ఏం నేర్చుకోమంటారు సార్? హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు, 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయారు. ఫిస్కే అసూయతో ఆయన పని బయటికి రానివ్వలేదనీ, ఆయన వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లని (ఏటీపీ లాంటి కణ రసాయనాల్ని) తర్వాతివాళ్లు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందనీ నోబెల్ అందుకున్న హిచింగ్స్ చెప్పాడు. పనిని తొక్కిపెట్టింది ఒకరు, నీతులు మాత్రం నష్టపోయినవాడికా? ఈ మాట మా గైడ్‌తో అనండి, చూద్దాం.

మోడరేటర్: ఇద్దరూ కాస్త తగ్గండి.

భీమవరం_డాక్టర్: తగ్గను. జిల్లా ఆసుపత్రిలో బోదకాలు రోగుల్ని చూస్తూనే నా సర్వీసంతా గడిచింది. టీచింగ్ పోస్టుకి వెళ్తే ‘పేపర్లేవి’ అన్నారు. వాపు ఏ దశలో ఉందో చేత్తో పట్టి చెప్పగలను. అది నేర్పడానికి పేపరెందుకు? నీకు ఐదో పేరైనా ఉంది. నాకు ఆ గుమ్మంలోకే ప్రవేశం లేదు.

బయోకెమ్_మాస్టారు: ఇందాకట్నుంచి మనం సుబ్బారావు గారి గురించి మాట్లాడుకుంటున్నామనుకున్నా. మీరు అడిగేది క్లినిక్ అనుభవానికి మార్కులు. అతను అడిగేది చేసిన పనికి పేరు.

సీనియర్_రెసిడెంట్: అంతే. సార్‌ని పేపర్లు అడగకండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ పేపర్ల లెక్కే ఎత్తేస్తే గైడ్ చేసింది ఎవరికీ కనపడదు. ఎవరు ఏం చేశారో ప్రతి పేపర్లో రాయించి, ఆ ప్రకారమే మార్కులివ్వాలి.

భీమవరం_డాక్టర్: అదీ మీ గైడే రాస్తాడు. ముందు షరతు ఎత్తేయాలి.

సీనియర్_రెసిడెంట్: షరతు పోతే మీకు పోస్టు వస్తుంది సార్. నా డేటా మీద మాత్రం ఆయన పేరే ఉంటుంది.